కప్పు లేని కారుకు కింద పట్టీలు

వంటలూ, అల్లికలూ, ఇంటి చిట్కాలూ చదువుకునే చోట ఈ కారు గోల ఏమిటా అని మీరు ముక్కున వేలేసుకోవచ్చు. నిజం చెప్పాలంటే మొన్నమొన్నటిదాకా నాకూ కారంటే ఎక్కడం, దిగడం, సీటు కింద పడ్డ జంతికల ముక్కలు దులపడం తప్ప ఇంకేమీ తెలీదు. తెనాలిలో ఇంటర్ చదివాను. 2000లో పెళ్ళయింది. మా వారి ఉద్యోగం వల్ల అమెరికాలో మిషిగన్ రాష్ట్రానికి వచ్చి, డెట్రాయిట్ దగ్గర్లో కాపురం పెట్టాం. కార్లు తయారుచేసే ఊళ్ళ మధ్య ఇన్నేళ్ళు ఉండి కూడా బానెట్ ఎత్తి చూసిన పాపాన పోలేదు.

అలాంటిదాన్ని 2024లో కారు కింద వెల్డింగు జరుగుతుంటే నిప్పులార్పే సిలిండరు పట్టుకుని కాపలా కాశానంటే నమ్ముతారా! ఆ సంగతే చెబుతాను.

మా అబ్బాయికి అప్పుడు ఇరవై ఏళ్ళు. కంప్యూటరు చదువు రెండో ఏడాదిలో వదిలేసి, కమ్యూనిటీ కాలేజీలో కార్ల రిపేరు కోర్సులో చేరాడు. మా వారు తిట్టలేదు, కొట్టలేదు. మాట్లాడడం మానేశారు. అది తిట్టడం కంటే ఘోరం. నాలుగు నెలలపాటు ఒకే బల్ల దగ్గర ఇద్దరికీ అన్నం వడ్డించి, "చారు కావాలేమో నాన్నని అడుగు", "పెరుగు చాలేమో వాణ్ణి అడుగు" అంటూ ఇద్దరి మధ్యా టెలిఫోన్ తీగలా బతికాను.

అది చాలదన్నట్టు, కిరాణా షాపులో పని చేసి దాచుకున్న డబ్బుతో వాడు ఓ పాత కారు కొన్నాడు. 1993 నాటి ఫోర్డ్ మస్టాంగ్. గుడ్డ టాపు వెనక్కి మడిచేసే రకం, కన్వర్టిబుల్ అంటారు. "పైన కప్పు కూడా లేని కారు!" అని మా వారు గోడకేసి చూస్తూ అన్నారు. ఆ నాలుగు నెలల్లో వాడి గురించి ఆయన అన్న పెద్ద మాట అదే.

ఓ ఆదివారం గుడి నుంచి వస్తుంటే దార్లో టైరు పంక్చరయింది. వాడు ముందు చక్రం దగ్గర జాకీ పెట్టి కారు పైకి లేపాడు. ప్రసాదం సంచీ లోపల ఉండిపోయిందని నేను తలుపు తీశాను. "అమ్మా, తలుపు ముట్టుకోకు!" అని వాడు అరిచేసరికే తీసేశాను. సంచీ తీసుకుని మళ్ళీ వేస్తే పడదే! నెట్టాను, తుంటితో తోశాను. ఊహూ. తీరా చక్రం మార్చి కారు దింపాక అదే తలుపు చక్కగా పడింది.

"ఇదేం కారురా! వంగుతోందా?" అన్నాను. "వంగుతుందమ్మా. కప్పు లేదుగా" అన్నాడు తేలిగ్గా. నా గుండె గుభేలుమంది. వంగే కారులోనా నా కొడుకు రోజూ తిరుగుతున్నాడు!

మా పక్కింటి పెద్దాయన కార్ల ఫ్యాక్టరీలో వెల్డింగు చేసి రిటైరయ్యారు. మాకు దగ్గర్లోనే డియర్‌బోర్న్ అనే ఊళ్ళో 1964 నుంచి 2004 దాకా ఈ మస్టాంగ్ కార్లు తయారయ్యాయి. ఆ కార్లంటే ఆయనకు ప్రాణం. నా గోడు విని లోపలికెళ్ళి ఓ చెప్పుల అట్టపెట్టె తెచ్చారు. మూత పెట్టి చుట్టూ టేపు అంటించి, రెండు చివర్లా పట్టుకుని మెలిపెట్టమన్నారు. తిరగలేదు. మూత తీసేసి మెలిపెట్టమన్నారు. పిండిన తువ్వాలులా తిరిగిపోయింది! మీరూ ఓసారి చేసి చూడండి, క్షణంలో అర్థమైపోతుంది.

మామూలు కారుకు కప్పే ఆ మూత. పైన కప్పు, పక్కన స్తంభాలు, కింద నేల అన్నీ కలిసి బరువు మోస్తాయి. కప్పు తీసేస్తే ఆ మోత అంతా కింది భాగం మీదే పడుతుంది. అందుకే ఇలాంటి కార్లకు కంపెనీ వాళ్ళే గుమ్మాల కిందా, నేల కిందా అదనంగా ఇనుము చేరుస్తారు. కప్పు లేని కారే కప్పున్న కారు కంటే బరువు ఎక్కువ తూగుతుందట, చూశారా విచిత్రం! అయినా కప్పున్నంత గట్టిదనం రాదు. ఏళ్ళ తరబడి గతుకుల్లో తిరిగేసరికి ఇంకా వదులవుతుంది. గతుకు వచ్చినప్పుడల్లా ముందున్న అద్దం గడగడా వణకడం, తలుపులు కిర్రుమనడం అందుకే. పైగా ఈ కారులో ముందు చక్రాల వైపు దూలాలు సీట్ల కిందకు వచ్చి ఆగిపోతాయి. వెనక దూలాలు వేరే మొదలవుతాయి. మధ్యలో ఉండేది నేల రేకే.

దీనికి మందు ఏమిటంటే, ముందు దూలాన్నీ వెనక దూలాన్నీ కలుపుతూ కింద చెరోవైపు ఓ ఇనుప గొట్టం వెల్డింగు చేయడం. నిలువు గొట్టాలు వంగడాన్ని బాగా ఆపుతాయి. మెలి తిరగడం కూడా తగ్గాలంటే అడ్డంగానో, ఏటవాలుగానో పట్టీలు ఉండాలి. నులక మంచం కోళ్ళు ఊగుతుంటే మా తాతయ్య ఓ మూల నుంచి ఇంకో మూలకు తాడు బిగించి కట్టేవాడు. అదే సూత్రం.

వాడు ఓ షాపులో కనుక్కుంటే, కారును లిఫ్టు మీద ఎత్తి, చక్రాలు గాలిలో వేలాడుతుండగా వెల్డింగు చేసిస్తామన్నారు. పెద్దాయన వినగానే చెయ్యి అడ్డంగా ఊపారు. గాలిలో వేలాడేటప్పుడు కారు ఒంపు వేరుగా ఉంటుందట. అప్పుడు అతికిస్తే ఆ ఒంపే శాశ్వతంగా బిగిసిపోతుందట. నాలుగు చక్రాల మీద తన బరువు తాను మోస్తూ నిలబడ్డప్పుడే అతికించాలన్నారు.

ఆ మాట నన్ను పట్టుకుంది. ఎందుకంటే ఆ రాత్రే గుంటూరులో ఉన్న మా పెద్దాడబిడ్డకు ఫోన్ చేసి, తండ్రీకొడుకులకు ఆవిడ చేత రాజీ చేయిద్దామనుకున్నాను. ఆవిడ చెబితే మా వారు కాదనరు. కానీ కోపంలో ఒకరు, మొండితనంలో ఒకరు వేలాడుతుండగా బలవంతాన అతికిస్తే ఏ వంకర బిగిసిపోతుందో! ఫోన్ పక్కన పెట్టేశాను.

రెండు గొట్టాలూ, వాటిని సీట్లు బిగించే చోటుకు కలిపే అడ్డ పట్టీలూ కలిపి 260 డాలర్లు. నేను ఇక్కడివాళ్ళకు జాకెట్లు కుట్టి కందిపప్పు డబ్బాలో దాచుకున్న డబ్బులోంచి ఇచ్చాను. మా వారికి చెప్పలేదు.

అక్టోబరులో ఓ శనివారం పని మొదలైంది. మొదట తుప్పు పరీక్ష. ఇక్కడ చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఊరగాయ జాడీకి ఇనుప మూత పెడితే ఏమవుతుందో మీకు తెలుసుగా! పెద్దాయన కింద దూరి సుత్తితో తడుతూ, స్క్రూడ్రైవరుతో గుచ్చుతూ వెళ్ళారు. గట్టి ఇనుము ఠంగుమంది, తుప్పు పట్టింది డబ్‌మంది. ఓచోట అరచేయంత రేకు పోయింది. దాన్ని కోసేసి కొత్త రేకు వేశాకే మిగతా పని. తుప్పు రేకుకు పట్టీ వేయడం చివికిన చీరకు జరీ అంచు వేయడమే.

తర్వాత తలుపు సందు కొలిచాం. కొలిచింది నేనే! ఇక్కడి పావు డాలరు నాణేలు పేర్చి సందులో దూర్చాను. చక్రాల మీద నిలబడ్డప్పుడు పైన మూడు, కింద మూడు. ముందు చక్రం దగ్గర జాకీతో లేపితే పైన రెండే దూరాయి, కింద నాలుగు పట్టాయి. కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించాను.

మళ్ళీ కారు దింపి, నాలుగు చక్రాలూ నాలుగు ర్యాంపుల మీదకి ఎక్కించి, కదలకుండా చెక్కలు అడ్డం పెట్టారు. బ్యాటరీ తీగలు ఊడదీశారు. సీట్లూ, లోపలి కార్పెట్టూ బయట పెట్టారు, కింద వెల్డు చేస్తే ఆ వేడికి పైన కార్పెట్టు అంటుకుంటుంది కాబట్టి. పెట్రోలు, బ్రేకు గొట్టాలు ఎక్కడెక్కడ వెళ్తున్నాయో చూసి సుద్దముక్కతో గుర్తులు పెట్టారు. నిప్పులార్పే సిలిండరుతో నన్ను కూర్చోబెట్టారు.

బరువైన గొట్టాన్ని రెండు చివర్లా పైకి అదిమి పట్టుకుంటేగానీ పెద్దాయన అతికించలేరు. ఒక చివర మా అబ్బాయి. రెండో చివరకు నేను వెళ్ళబోతే భుజం నొప్పితో చెయ్యి లేవలేదు. అప్పుడు చూశాను, మా వారు గరాజ్ గుమ్మంలో ఎప్పటి నుంచి నిలబడ్డారో! ఏమీ అనకుండా ఓ అట్ట పరుచుకుని కింద పడుకుని రెండో చివర పట్టుకున్నారు.

మొదట అక్కడక్కడ చిన్న చుక్కల్లా అతికించారు. జాకెట్టు కుట్టేముందు టాకాలు వేయమూ, అచ్చం అలాగే! తర్వాత కూడా ఒకేచోట వరసగా లాగలేదు. ఇక్కడ ఓ అంగుళం, అటువైపు ఓ అంగుళం. ఒకేచోట వేడెక్కితే ఇనుము లాక్కుపోతుందట. మధ్యలో "కొంచెం పైకి" అంది మావాడి గొంతు. "ఇంతేనా?" అంది మా వారి గొంతు. "చాలు నాన్నా." నాలుగు నెలల తర్వాత వాళ్ళు నేరుగా మాట్లాడుకున్న మాటలవి. నేను ముసుగు లేకుండా వెల్డింగు వైపు చూడకూడదని తల తిప్పుకుని కూర్చున్నాను. కళ్ళ నీళ్ళకు అదీ ఓ వంకే అయింది.

చల్లారాక తుప్పు పట్టకుండా రంగు వేశారు. మర్నాడు అదే చోట జాకీ పెట్టి లేపాం. పైన మూడు నాణేలు, కింద మూడు! మూడోది కొంచెం బిగుతుగా దూరింది, అంతే. తలుపు కూడా పడింది.

మీలో ఎవరి ఇంట్లోనైనా ఇలాంటి పాత కారు ఉంటే నా మాట వినండి. పట్టీలు వేస్తే కప్పున్న కారు అయిపోదు. రైలుగేటు దాటితే మా కారు అద్దం ఇంకా కాస్త వణుకుతుంది, మునుపటిలా గడగడలాడదు. అరిగిన టైర్లకూ, పోయిన షాక్ అబ్జార్బర్లకూ ఇది మందు కాదు. ముందు తుప్పు చూపించండి. వెల్డింగు తెలిసినవాళ్ళ చేతే చేయించండి. జాకీ మీద ఉన్న కారు కిందకు ఎవర్నీ దూరనివ్వకండి.

ఇక మా ఇంటి సంగతంటారా? మా వారికి ఆ కోర్సు ఇప్పటికీ ఇష్టం లేదు. చదువు మాట వస్తే ముఖం ముడుచుకుంటారు. కానీ అన్నం తినేటప్పుడు "ఇవాళ క్లాసులో ఏం ఊడదీశారు?" అని వాణ్ణే అడుగుతున్నారు. చారు కావాలో వద్దో వాళ్ళే తేల్చుకుంటున్నారు.

"ఏమోయ్, ఆ గొట్టాలకు వాడికి డబ్బెక్కడిదీ?" అని ఓసారి నన్నడిగారు. పప్పు మాడుతోందని వంటింట్లోకి వెళ్ళిపోయాను. పత్రిక ఇంటికొచ్చాక ఈ పేజీ ఆయనే మొదట చదువుతారు. కందిపప్పు డబ్బా సంగతి అప్పుడు తెలుస్తుంది!