శివారునకు చేరని ఉత్తరము

విజయవాడలో మా వీధి పఠనమందిరమునకు కొన్నేండ్లుగా సొంత ఈమెయిలు సర్వరు కలదు. సర్వరనగా మహాయంత్ర మేమియు గాదు. నెలనెలా అద్దె చెల్లించి, దూరముననున్న యొక కంపెనీవారి యంత్రములో పుచ్చుకొన్న చిన్న భాగము. అందు పోస్ట్‌ఫిక్స్ అను ప్రోగ్రాము ఉత్తరములను పంపును, పుచ్చుకొనును. డవ్‌కాట్ అనునది వానిని పెట్టెలలో భద్రపఱచి సభ్యులకు చూపును. రెండును వెల లేనివే. "పెద్ద కంపెనీలు ఉచితముగా పెట్టె లిచ్చుచుండగా మీకీ శ్రమ యేల?" అని మిత్రు లడుగుచుందురు. సభ్యుల ఉత్తరములు సభ్యుల యధీనమున నుండవలెనని మా తలంపు. 1982లో జాన్ పోస్టెల్ ఈ ఉత్తరముల రాకపోకలకు నియమములు వ్రాసినప్పుడు, ఒక యంత్రము మఱొక యంత్రముతో నేరుగా మాటలాడుటకే యేర్పాటు చేసెను. ఆ స్వాతంత్ర్యము నేటికిని గలదు. దాని ననుభవించుటకు మాత్రము కొంత విద్య కావలెను.

పోయిన వేసవిలో మందిరమువా రిచ్చు విద్యార్థి వేతనమునకు నాగాయలంక దగ్గఱి బాలిక యొకతె దరఖాస్తు పెట్టెను. ఇంటర్వ్యూకు రమ్మని సర్వరు ద్వారా ఉత్తరము పోయెను. ఆమె రాలేదు. "ఆసక్తి లేనివారికి మన మేమి చేయగలము?" అని కమిటీలో నొకరు పేరు కొట్టివేసిరి. ఆడపిల్ల విషయమున నిట్టి తీర్పులు మనవారి నోట నెంత తేలికగా వచ్చును! వారము గడచిన పిమ్మట సభ్యురా లొకతె యూరకుండలేక ఫోను చేసి యడిగెను. తనకే ఉత్తరమును రాలేదని బాలిక చెప్పెను.

లాగ్ ఫైలు తీసి చూచితిమి. ఆ దినమున ఉత్తరము పోయినట్లును, ఎదుటి సర్వరు 250 అని బదులు చెప్పినట్లును స్పష్టముగా నుండెను. 250 అనగా అంగీకారము. 4తో మొదలగు సంఖ్య వచ్చినచో "ఇప్పుడు కాదు, మరల రమ్ము" అనియు, 5తో మొదలైనచో "పుచ్చుకొనము" అనియు నర్థము. తిరస్కరించినచో తిరుగుటపా వచ్చును గనుక మనకు తెలియును. అంగీకరించి మూలకు నెట్టినచో నెవరు చెప్పుదురు? 1855 నాటి ఆనకట్ట పోయి 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చినను, కాలువ తలవద్ద వదలిన నీటి లెక్క శివారు పొలమునకు చేరిన నీటి లెక్క కాదని దివిసీమ రైతునకు వేఱుగ చెప్పనక్కఱలేదు. 250 తలగేటు లెక్క.

ఉత్తరము బాలిక పెట్టెలోనే, స్పామ్ అరలో దొరకెను. ప్రతి యుత్తరమునకును పైన, మామూలుగా కంటబడని శీర్షిక లుండును. పుచ్చుకొన్న సర్వరు తాను చేసిన పరీక్షల ఫలితము లందు వ్రాసిపెట్టును. వానిని తెఱచు విధము చెప్పగా, ఆమె కంప్యూటరు ముందు కూర్చుండి అక్షరమక్షరము ఫోనులో చదివి వినిపించెను: ఎస్‌పీఎఫ్ విఫలము, డీకిమ్ విఫలము. మేము రెండు దినములు లాగ్ ఫైలులో వెదకినది ఆమె చేతిలోనే యుండెను.

మా పేరిట ఉత్తరములు పంపుట కే సంఖ్యగల యంత్రమునకు అధికారము కలదో డీఎన్ఎస్‌లో ప్రకటించు పంక్తి ఎస్‌పీఎఫ్. అద్దెకిచ్చిన కంపెనీవారు ఒక మాటయైన చెప్పక తమ యేర్పాట్లు మార్చిరి. వచ్చు ఉత్తరములు పాత సంఖ్యకే వచ్చుచుండెను. పోవునవి క్రొత్త సంఖ్యనుండి పోసాగెను. ప్రకటనలో నున్నది పాతదే. ఇక డీకిమ్ అనగా సంతకము. దానిని సరిచూచు తాళముచెవిని గూడ డీఎన్ఎస్‌లోనే ప్రకటింపవలెను. అచ్చట నొక్కొక్క ముక్క 255 అక్షరములకు మించరాదు. 2048 బిట్ల చెవి అంతకు పెద్దది గనుక ముక్కలు చేసి వ్రాయవలయును. పేరు నమోదు చేయు కంపెనీవారి ఫారము దానిని నడుమ కోసివేసి, పైగా "సరియే" నని చూపెను.

ఈ రెండును ఒక పూటలో సవరింపబడెను. మూడవది మా చేతిలో లేదు. పేరునుండి సంఖ్యను తెలుపు పంక్తి పేరుగలవారిది. సంఖ్యనుండి పేరును తెలుపు పీటీఆర్ పంక్తి సంఖ్య యజమానిది. మూడు విన్నపములైన తరువాత కంపెనీవారు దానిని దిద్దిరి. పీటీఆర్ ఉండవలెననియు, ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో నొకటైన నెగ్గవలెననియు 2024 ఫిబ్రవరినుండి గూగుల్, యాహూ సంస్థలు పంపువా రందఱికిని విధించినవి. మోసపుటుత్తరముల వఱదను చూచినవారెవరును ఆ నియమముల నన్యాయమనరు.

పంక్తి దిద్దినంతనే ఫలితము రాదు. కాలపరిమితి 86400 సెకనులని వ్రాసియున్నచో ఒక దినము వఱకు పాత బదులే లోకమున తిరుగుచుండును. తాళలేనివారు ఆ నడుమ మఱి నాలుగు అమరికలు మార్చి, ఏది మందో ఏది రోగమో తెలియకుండ చేసికొందురు. సర్వ నెట్‌వర్కులనుండియు ఉత్తరములు పుచ్చుకొని ముందుకు పంపునట్లు తలుపులు తెఱచి యుంచుడని యొక పెద్దమనిషి సలహా చెప్పెను! అట్లు చేసినచో తెల్లవారులోపల ఊరివారి మోసములన్నియు మా పేరిట వెలువడి, నిషేధపట్టికలలో మా సంఖ్య చేరియుండును.

ఇంతకును ఈ యమరికల గుట్టంతయు మొదట సర్వరును నిలిపిన యువకు నొక్కనికే తెలియును. అతడు ఉద్యోగమునకై హైదరాబాదు పోయెను. మన యిండ్లలో భూమి కాగితములు పెద్దాయన పెట్టెలోనే యుండి, ఆయన పోయిన నాడు ఇల్లాలు వీధిన పడుటయు నిట్టిదే. ఇప్పు డొక్కొక్క పంక్తియు దేనికో, ఎవరు మార్చవలయునో తెలుగున నోటుబుక్కులో వ్రాయించితిమి. ఆదివారములందు ముగ్గురు స్త్రీలు దానిని ముందుంచుకొని లాగ్ ఫైలు చదువుచున్నారు. వారిలో నిద్దఱకు ఇంగ్లీషు అంతంత మాత్రమే.

ఆ యేటి వేతనము అప్పటికే మఱొకరి కిచ్చియుండిరి. బాలికకు వచ్చే యేడు చూతమని కమిటీవారు వ్రాసిరి. ఆ యుత్తరము చేరినదో లేదో ఫోను చేసి కనుగొంటిమి. చేరినది. డీమార్క్ పంక్తి చిన్నవారికి నిర్బంధము కాకున్నను వ్రాయవలసియే యున్నది. వచ్చు ఆదివారమునకు దానిని పెట్టుకొన్నారు.