మూడో పక్కటెముక దగ్గర

రొమ్ము కేన్సర్ ఆపరేషనయి వార్డుకొచ్చిన మనిషిని "నొప్పి పదికి ఎంతమ్మా?" అని అడిగితే మా వైపు ఆడవాళ్లు అంకె చెప్పరు. "ఫర్వాలేదు డాక్టరమ్మా, ఓర్చుకుంటున్నా" అంటారు. సిస్టరు చార్టులో రెండు వేసుకుని పోతుంది. అందుకే నేను అంకె అడగడం మానేశాను. గట్టిగా దగ్గమంటాను. ఆపరేషనైన వైపు చెయ్యి భుజం దాకా లేపమంటాను. ఊపిరి సగంలో ఆగిపోతే ఇంకేమీ అడగక్కర్లేదు.

మత్తు డాక్టరుగా నేను చేరిన రోజుల్లో మాస్టెక్టమీ (రొమ్ము తీసేసే ఆపరేషన్) అంటే జనరల్ అనస్థీషియా, ఫెంటానిల్, తర్వాత ట్రమడాల్. ఆడవాళ్లు, పొగతాగే అలవాటు లేనివాళ్లు, ఆపైన ఈ మందులు: వాంతులు రావడానికి ఇంతకంటే ఏం కావాలి? పచ్చి కుట్లతో వాంతి చేసుకోవడం ఎంత నరకమో పక్కన నిలబడి చూసినవాళ్లకి తెలుసు. వెన్నుపూస పక్కన నరాలకు మత్తుమందు వేసే పారావెర్టెబ్రల్ బ్లాక్ అప్పటికే పాతది, 1905లో జర్మనీలో సెల్‌హైమ్ మొదలుపెట్టినది. కానీ సూది ఊపిరితిత్తి పొరకు తగులుతుందేమోనని చాలామంది దాని జోలికి పోయేవాళ్లు కాదు. అల్ట్రాసౌండ్ వచ్చాక ఆ భయం తగ్గింది. 2011లో రఫాయెల్ బ్లాంకో, ఛాతీ కండరాల మధ్య మత్తుమందు వేసే పెక్స్ బ్లాక్ గురించి రాశాక మాలాంటివాళ్ల పని తేలికైంది.

అన్నట్టు, ఆ అల్ట్రాసౌండ్ మిషను సంపాదించడమే ఒక తంతు. లింగనిర్ధారణను నిషేధించే 1994 చట్టం కింద మత్తు డాక్టరు వాడే అల్ట్రాసౌండుకూ రిజిస్ట్రేషన్ ఉండాలి. సంచిలో వేసుకుని ఇష్టమొచ్చిన ఆసుపత్రికి పట్టుకుపోవడం కుదరదు.

పేషెంటు నిద్రలోకి జారాక, సర్జన్ చేతులు కడుక్కుంటుండగా, ప్రోబును కాలర్ ఎముక కింద పెట్టి మెల్లగా చంక వైపు జరుపుతాను. తెర మీద పెద్ద పెక్టోరల్ కండరం, దాని కింద చిన్నది, రెంటి మధ్య టకటకా కొట్టుకుంటూ ఒక ధమని. దాన్ని తప్పించుకోవాలి. మూడో పక్కటెముక దగ్గర ఆ రెండు కండరాల మధ్య 10 మిల్లీలీటర్ల మత్తుమందు, ఇంకా కింద చిన్న కండరానికీ పక్కటెముకల మీది సెర్రేటస్‌కీ మధ్య 20. సూది మొన సరైన చోట ఉంటే పొరలు విడిపోయి మధ్యలో నల్లటి చార సాగుతుంది. సాగకుండా ఒకేచోట ఉబ్బితే మందు కండరంలోకి పోతున్నట్టు, ఆపి సర్దుకోవాలి. పావు శాతం బుపివకైన్ 30 మిల్లీలీటర్లంటే 75 మిల్లీగ్రాములు. కిలోకు 2 మిల్లీగ్రాముల లెక్కన 50 కిలోల మనిషికి ఇబ్బంది లేదు. మా దగ్గరికి 38 కిలోల వాళ్లూ వస్తారు, వాళ్లకు అదే హద్దు అంచు. అందుకని మందు పలచన చేస్తాను. మందు రక్తంలోకి పోతే విరుగుడుగా ఎక్కించే 20 శాతం లిపిడ్ సీసా చేతికందే చోట లేకపోతే సూదే పట్టను.

ఈలోగా సర్జన్‌గారు "అయిందా?" అని రెండుసార్లు అడుగుతారు. కోశాక పొరలు తడిగా ఉన్నాయని విసుక్కుంటారు కూడా.

పెక్స్‌తో అంతా తీరిపోదు. రొమ్ముఎముక వైపు నరాల కొసలు దానికి అందవు. కొందరు సరిగ్గా అక్కడే వేలు పెట్టి చూపిస్తారు. పెద్ద ఆపరేషనైతే నాకు ఇప్పటికీ పారావెర్టెబ్రలే ఇష్టం. బ్లాక్ చేస్తే కేన్సర్ తిరగబెట్టడం కూడా తగ్గుతుందని ఒకప్పుడు గట్టిగా ఆశపడ్డాం. రెండు వేల పైచిలుకు మహిళల మీద చేసి 2019లో లాన్సెట్‌లో అచ్చువేసిన పరీక్షలో తేడా ఏమీ తేలలేదు. అందుకే పేషెంట్లకు నేను నొప్పి గురించి తప్ప ఇంకే మాటా ఇవ్వను. నొప్పి విషయంలోనూ పూర్తి భరోసా లేదు. చంకలో గడ్డలు తీసేటప్పుడు అక్కడి నరం దెబ్బతింటే, నెలల తర్వాత కూడా జాకెట్టు చెయ్యి రాసుకుంటే చాలు, భగ్గుమంటుందంటూ వచ్చేవాళ్లున్నారు.

పొద్దున చేసిన బ్లాక్ రాత్రికి వదిలేస్తుంది, అదీ వార్డులో సిస్టర్లు తక్కువగా ఉండే వేళకు. అవసరమైతే ఇవ్వండి అని రాస్తే, నోరు తెరిచి అడగనివాళ్లకు మందు అందదు. అందుకే కేస్‌షీటులో పారాసెటమాల్ ఎదురుగా ఎస్‌ఓఎస్ అని కనిపిస్తే కొట్టేసి ఆరు గంటలకోసారి అని రాస్తాను. మొదటి డోసు సాయంత్రమే, బ్లాక్ వదలకముందే పడాలని నైట్ డ్యూటీ సిస్టరుకు ఫోన్ చేసి మరీ చెప్తాను.