సగం మాట

వచ్చే గురువారం నుంచి నా కాలమ్ రాదు. పన్నెండేళ్ళు రాశాను. ఆపేస్తున్నానని చెబితే ఒక సెక్యులర్ మిత్రుడు, "ఇట్లాంటి రోజుల్లోనా ఆపేది? మీరు కూడా తప్పుకుంటే ఎట్లా?" అన్నాడు. మా మొహల్లా భాయి ఒకాయన ఇంకా సూటిగా అడిగాడు. "మనకున్నదే ఒక్క జాగా. దాన్ని కూడా ఇడిసిపెడ్తవా? కథలు రాసి ఎవల్ని ఉద్ధరిస్తవ్ భాయ్?" ఇద్దరికీ అప్పుడు నోట మాట రాలేదు. ఇప్పుడు చెప్పుకోవాలనిపిస్తున్నది.

2013లో ఈ కాలమ్ మొదలైనప్పుడు ఎడిటర్‌గారు, "మీ వైపు నుంచి రాయండి" అన్నారు. నా వైపు అంటే నిజామాబాద్‌లో మా గల్లీ వైపని అనుకున్నాను. కాదని తెలియడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. 2017 ఆగస్టులో మూడు తలాక్‌ల మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన రోజు మధ్యాహ్నానికే ఫోన్. 2019 డిసెంబర్‌లో పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది, ఫోన్. 2020 మార్చిలో ఢిల్లీ మర్కజ్ వార్త, ఫోన్. 2022లో కర్ణాటక కాలేజీల్లో హిజాబ్ గొడవ, మళ్ళీ ఫోన్. ప్రతిసారీ అదే మాట: "దీని మీద మీరు రాస్తేనే బాగుంటుంది." రాశాను. రాయాల్సిన విషయాలే అవి. కాని పన్నెండేళ్ళలో ఒక్కసారి కూడా, "ఈ వారం మీకేం తోస్తే అది రాయండి" అని ఎవరూ అనలేదు. నేనూ అడగలేదు. ప్రశ్న ఎప్పుడూ అవతలి నుంచి వచ్చేది. గడువు కూడా అవతలిదే. నాది జవాబు మాత్రమే.

ఇంకొకటి, బ్రాకెట్లు. నమాజ్ అని రాస్తే పక్కన బ్రాకెట్లో ప్రార్థన. సెహ్రీ అని రాస్తే బ్రాకెట్లో తెల్లవారుజామున తినే భోజనం. అమ్మీ అని రాస్తే బ్రాకెట్లో అమ్మ. మొదట్లో డెస్కు మీదివాళ్ళు పెట్టేవాళ్ళు. తర్వాత తర్వాత నేనే పెట్టి పంపడం మొదలుపెట్టాను. నాలుగు వందల ఏళ్ళకు పైగా ఈ నేల మీద వినబడుతున్న మాటల్ని పరాయి దేశం నుంచి నిన్న దిగినట్టుగా నేనే పరిచయం చేస్తూ వచ్చాను. ఎవరో పెట్టిన అలవాటని సరిపెట్టుకోవచ్చు. కాని ఆ చెయ్యి నాదే.

కాలమ్ పనికిమాలినదని నేననడం లేదు. మైనారిటీ విద్యార్థుల స్కాలర్‌షిప్పులు ఆగిపోతే రాశాను. తెలంగాణ వచ్చాక బీడీ కార్మికుల జీవన భృతి గురించి రాశాను. అర్జీ పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే ఆడవాళ్ళు ఆ కటింగులు చేతిలో పట్టుకుపోవడం నేను చూశాను. కథ అట్లా చేతికి అందదు. పత్రికా రచన తక్కువ, కథ ఎక్కువ అనే కులభేదం నాకు లేదు. మంటో లాహోర్ వెళ్ళాక పత్రికలకు రాస్తూనే కథలు రాశాడు. 1955 జనవరిలో పోయేనాటికి ఆయనకు నలభై రెండు. ఆ వయసు నేను దాటేశాను. ఆయనకు కుదిరింది నాకు కుదరలేదు. ఏది చూసినా ఆరు వందల మాటల్లో ఎట్లా మొదలుపెట్టాలి, చివర్లో ఏం చెప్పాలి అనే ఆలోచిస్తున్నాను. మయ్యత్‌కు పోయి నిలబడ్డా అదే లెక్క. ఇది వృత్తి అలవాటే అనుకుంటూ వచ్చాను. పోయిన రంజాన్‌లో ఇంటికి పోయినప్పుడు మా అమ్మీ నా కళ్ళు తెరిపించింది.

అమ్మీ బీడీలు చేసేది. మా గల్లీలో మా ఇల్లూ, పక్కన పద్మశాలీల ఇల్లూ. ఆ ఇంటి పెద్దమ్మ, అమ్మీ ఒకే అరుగు మీద ఎదురెదురుగా కూర్చునేవాళ్ళు. ఒడిలో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు. ఇరవై అయిదు బీడీలైతే ఒక కట్ట. నలభై కట్టలైతే వెయ్యి. అమ్మీ "ఏక్, దో" అని లెక్కపెట్టేది. పెద్దమ్మ తెలుగులో. లెక్క తప్పితే ఒకరిది ఇంకొకరు అందుకునేవాళ్ళు. పచ్చీస్ అన్నా, ఇరవై అయిదన్నా కట్ట ఒకటే. అమ్మీకి పెద్దమ్మ అక్క. పెద్దమ్మకు అమ్మీ బీబమ్మ.

1992 డిసెంబర్ 6 ఆదివారం. నాకు పదేళ్ళు. సాయంత్రం రేడియో ముందు అబ్బా, చిచ్చా, ఇంకో నలుగురు. ఎవరూ మాట్లాడడం లేదు. మరునాడు పొద్దున అబ్బా అమ్మీని గడప దాటొద్దన్నాడు. కార్ఖానాలో బీడీలు అప్పజెప్పకపోతే ఆ వారం ఆకు ఇవ్వరు. ఆకు లేకపోతే పైసలు లేవు. అప్పుడు పెద్దమ్మ వచ్చి తన చాట మీద అమ్మీ చాట పెట్టుకుని, రెండూ మోసుకుని కార్ఖానాకు పోయింది. సాయంత్రం అమ్మీ వాటా ఆకు తెచ్చి అరుగు మీద పెట్టింది.

2017 డిసెంబర్‌లో పాతికేళ్ళ సందర్భంగా నేను ఇదే రాశాను. రెండు చాటలు మోసిన తల్లి అని రాశాను. ఈ మట్టిలో తడి ఇంకా ఉందని ముగించాను. ఏ కాలమ్‌కూ రానన్ని ఫోన్లు వచ్చాయి. ఒక సభలో దాన్ని చదివి వినిపించారు. ఇద్దరు ముగ్గురు కన్నీళ్ళు పెట్టుకున్నారు.

అమ్మీకి తెలుగు చదవడం రాదు. ఉర్దూ కూడబలుక్కుని చదువుతుంది. ఇన్నేళ్ళూ గురువారం పేపర్లో నా ఫోటో చూసి, మడతపెట్టి, దిండు కింద పెట్టుకుంది తప్ప నేనేం రాశానో ఆమెకు తెలియదు. కొడుకు రాసింది తల్లి చదవలేకపోవడం మా ఇళ్ళలో మామూలు సంగతే కనుక అది నన్ను ఎప్పుడూ పెద్దగా కష్టపెట్టలేదు. పోయిన రంజాన్‌లో ఇఫ్తార్ అయ్యాక, పాత కటింగు కనబడితే, మన అరుగు గురించే అని ఉర్దూలో చెబుతూ పోయాను. ఆమె చివరి దాకా విని, "ఆధీచ్ బాత్ లిఖా రే తూ" అన్నది. సగం మాటే రాశావన్నది.

మిగతా సగం నాకు తెలుసు. ఆ సాయంత్రం నేను అరుగు పక్కనే ఉన్నాను. ఆకు దించి పెట్టి పెద్దమ్మ అడిగింది: "అవ్ బీబమ్మా, మీ వాళ్ళెందుకట్ల జేస్తరు?" అమ్మీ ముఖం మారిపోయింది. "మా వాళ్ళేం జేసిన్రక్కా? పడగొట్టింది ఎవలు?" అన్నది. ఇద్దరూ ఇంక మాట్లాడలేదు. మూడు రోజులు అరుగు ఖాళీగా ఉంది. ఆమె వాళ్ళింట్లో, అమ్మీ మా ఇంట్లో. మధ్య గోడకు అటూ ఇటూ కత్తెర చప్పుడు. నేను లెక్క వినబడని ఆ మూడు రోజుల్ని మరిచిపోలేదు. 2017లో రాసేటప్పుడు కూడా గుర్తుంది. తెలిసే వదిలేశాను. రాస్తే పెద్దమ్మ మతతత్వవాది అవుతుంది. రాయకపోతే దేవత అవుతుంది. కాలమ్‌లో ఈ రెండిట్లో ఒక్కదానికే జాగా. ఆ వారానికి దేవత కావాలి, దేవతను చేశాను. మా అమ్మీ తిరిగి అడిగిన ప్రశ్నను కొట్టేశాను. ఆమె కోపాన్ని తీసేసి, గడప లోపల భయంతో కూర్చున్న మంచి ముస్లిం తల్లిని మిగిల్చాను. అది బయటివాళ్ళెవరూ చేసిన పని కాదు. నేను చేశాను.

చాట మోసిందీ ఆమే. ఆ మాట అడిగిందీ ఆమే. ఒకే రోజు, ఒకే మనిషి. ఇది చెప్పడానికి నాకు కథ తప్ప వేరే దారి తెలియదు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. 1998లో 'జల్‌జలా', 2004లో 'వతన్' వచ్చాయి. డిగ్రీలో ఉన్నప్పుడు మొదటి రెండూ వరసగా చదివి, తెలుగులో మన ఇల్లు ఉండొచ్చా అని ఆశ్చర్యపోయాను. వాళ్ళూ ఎవరికో జవాబు చెప్పినవాళ్ళే. కాని ఎక్కడ మొదలుపెట్టాలో వాళ్ళే తేల్చుకున్నారు. వాళ్ళు తీసిన తలుపులోంచి లోపలికి వచ్చి, నేను పన్నెండేళ్ళు గడప దగ్గరే నిలబడి వచ్చేపోయేవాళ్ళకు సంజాయిషీ చెప్పుకున్నాను.

పైసల కష్టం ఉంటుంది. ఉర్దూ వార్తల్ని తెలుగు చేసే డెస్కు పని సాగుతుంది కాబట్టి పొయ్యి ఆరదు. కాలమ్ జాగాను మన పిల్లల్లో ఎవరికైనా, ముఖ్యంగా ఇప్పుడు బాగా రాస్తున్న ఆడపిల్లల్లో ఒకరికి ఇమ్మని ఎడిటర్‌గారిని అడిగాను. చూద్దాం అన్నారు. ఇవ్వకపోతే ఆ జాగా పోతుంది. మా మొహల్లా భాయి భయం నిజమే కావచ్చు. ఆ తప్పు నా మీద ఉంటుంది. నా కథలు బాగా రాకపోనూ వచ్చు. ఇన్నేళ్ళ అలవాటు ఒక నెలలో పోదు. మొన్న రాసిన నాలుగు పేజీల్లో మూడుచోట్ల బ్రాకెట్లు పెట్టి, కొట్టేశాను.

మొదటి కథ అరుగు గురించే. నాలుగో రోజు మళ్ళీ ఇద్దరూ ఎట్లా కూర్చున్నారో నాకు గుర్తులేదు. ముందు ఎవరు మాట్లాడారో తెలిస్తే కథ కుదురుతుందనిపించి అమ్మీని అడిగాను. పెద్దమ్మ పోయి తొమ్మిదేళ్ళైంది, ఇంక చెప్పగలిగింది ఈమె ఒక్కతే. అమ్మీ చాలాసేపు ఆలోచించింది. వంకర తిరిగిన వేళ్ళను ఒకటొకటే నిమురుకుంది.

"ధాగా ఖతమ్ హోగయా థా," అన్నది.

బీడీలు కట్టే దారం అయిపోయింది. ఎవరింట్లోనని అడిగితే, యాద్ లేదన్నది.