ఓమ్ పంతులుగారి లెక్క

మన సంఘంలో ఇంజనీర్లకు కొదవ లేదు. విద్యుత్తు గూర్చి ఒక వైద్యుడు వ్రాయటమేమిటని వారు నవ్వినా నవ్వవచ్చు. కాని ఆ లెక్క తప్పినవాళ్ళు చివరికి వచ్చి చేరేది మా దగ్గరికే కనుక, నాలుగు మాటలు వ్రాసే హక్కు మాకూ కొంత ఉందనుకుంటాను.

హైస్కూల్లో మనమంతా ఓమ్ నియమం వల్లె వేసినవాళ్ళమే. వోల్టేజిని విద్యుత్ ప్రవాహంతో భాగిస్తే నిరోధం వస్తుంది. గుణిస్తే సామర్థ్యం వస్తుంది. పరీక్ష వ్రాసి అక్కడితో వదిలేశాం. ఆ ఓమ్‌గారి దేశంలోనే ఇప్పుడు మనం కాపురాలు చేస్తున్నాం. గెయోర్గ్ సీమోన్ ఓమ్ 1789లో ఎర్లాంగెన్‌లో, తాళాలు చేసే పనివాని ఇంట పుట్టారు. కొలోన్‌లో బడిపంతులుగా ఉంటూ, వేర్వేరు పొడుగుల తీగలగుండా విద్యుత్తు పంపి కొలిచారు. బ్యాటరీ నిలకడగా ఉండకపోతే, రెండు లోహాల అతుకుల్లో ఒకదాన్ని మరిగే నీటితోనూ, రెండోదాన్ని మంచుతోనూ ఉంచి నిలకడైన ప్రవాహం పుట్టించుకున్నారు. 1827లో బెర్లిన్‌లో పుస్తకం వేస్తే స్వదేశంలో పండితులు పెద్దగా లక్ష్యపెట్టలేదు. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చింది. మ్యూనిక్‌లో ఆచార్య పదవి 1852లో గాని రాలేదు, 1854లో కన్నుమూశారు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు మన పెద్దలు. ఈయన రచ్చ గెలిచాకే ఇంట గెలిచారు.

ఇక ఆ లెక్కను వంటింట్లోకి తెచ్చుకుందాం. అమెరికాలో ఉన్న చెల్లెలు ఒక రైస్ కుక్కరు ఇచ్చిందనుకోండి. అడుగున 120 వోల్టులు, 500 వాట్లు అని ఉంటుంది. 500ను 120తో భాగిస్తే 4.17 ఆంపియర్లు. 120ని ఆ 4.17తో భాగిస్తే 28.8 ఓములు. ఈ నిరోధం కుక్కరు సొత్తు. విమానం ఎక్కినంత మాత్రాన మారదు. మారేది వోల్టేజి. ఇక్కడి 230ని 28.8తో భాగిస్తే దాదాపు 8 ఆంపియర్లు. దాన్ని 230తో గుణిస్తే సుమారు 1840 వాట్లు. వోల్టేజి రెట్టింపు కూడా కాలేదు, వేడి మాత్రం మూడున్నర రెట్లు దాటింది! ప్లగ్గు ఆకారం మార్చే అడాప్టరు వోల్టేజిని మార్చదని గుర్తుంచుకోవాలి.

ఇందులో ఇంకో సంగతి ఉంది. ఇక్కడి ఇళ్ళలో సాకెట్ల లైనుకు మామూలుగా 16 ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది. 8 ఆంపియర్లు దానికో లెక్క కాదు. కుక్కరు మాడిపోతున్నా అది చూస్తూ ఊరుకుంటుంది. ఫ్యూజు కాపాడేది గోడలోని తీగను. కుక్కరును కాదు, మనిషిని అసలే కాదు.

మరి మనిషి నిరోధమెంత? ఎక్కువ భాగం చర్మం పైపొరలోనే ఉంది. అరచెయ్యి పొడిగా, గట్టిగా ఉంటే లక్ష ఓముల దాకా ఉండవచ్చు. తడిస్తే వెయ్యికి దిగిపోవచ్చు. 230ని లక్షతో భాగిస్తే రెండు మిల్లీఆంపియర్ల పైచిలుకు, జిల్లుమంటుంది. వెయ్యితో భాగిస్తే 230 మిల్లీఆంపియర్లు. పది పదిహేను దాటితేనే పట్టుకున్న చెయ్యి వదలదు. ఛాతీగుండా వంద పోతే గుండె లయ తప్పి ఊరికే వణుకుతుంది, రక్తం పారదు. ఆ 230 మిల్లీఆంపియర్లు ఫ్యూజు ఓర్చే ప్రవాహంలో డెబ్బయ్యో వంతు. పొడి చేతులే కదా అన్న ధీమా కూడా పనికిరాదు. అంత వోల్టేజికి చర్మం నిరోధం తానే పడిపోతుంది.

అందుకే ఇక్కడ ఎఫ్.ఐ. స్విచ్చి పెడతారు. వెళ్ళిన ప్రవాహమంతా తిరిగి వస్తున్నదా అని అది కనిపెట్టి ఉంటుంది. 30 మిల్లీఆంపియర్ల తేడా వస్తే కనురెప్ప పాటులో ఆపేస్తుంది. 2007 నిబంధనల తరువాత కట్టిన ఇళ్ళలో సాకెట్లకు ఇది ఉంటుంది. పాత ఇళ్ళలో ఉండకపోవచ్చు. అద్దెకున్నవారు యజమానిని అడగండి.

నా అసలు బెంగ మన ఊళ్ళలోని ఇళ్ళ గురించి. అక్కడా 230 వోల్టులే. బకెట్లో హీటరు రాడ్ పెట్టి, నీళ్ళు కాగాయో లేదోనని చెయ్యి ముంచి చూసే అలవాటు చాలామందికి ఉంది. పెరట్లో ఇనుప తీగతో దండెం కడతారు. అది ఒరుసుకుపోయిన కరెంటు తీగకు తగిలితే, వానాకాలంలో తడి బట్టలు ఆరవేసే ఇల్లాలు ఒట్టి కాళ్ళతో తడి నేల మీద నిలబడి ఉంటుంది. ఆమెను లాగబోయిన భర్త, అతన్ని పట్టుకున్న కొడుకు కూడా పోయిన వార్తలు మన జిల్లా పేపర్లలో ఎన్నిసార్లు చదవలేదు?

ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించండి. ఎర్తు సరిగా ఉందో లేదో చూపించండి. దండేనికి నైలాను తాడు కట్టించండి. ఎవరికైనా షాకు కొడితే ముందు మెయిన్ ఆపాలని, ఆ తరువాతే మనిషిని ముట్టుకోవాలని అమ్మకూ నాన్నగారికీ చెప్పండి. ఊపిరి ఆడకపోతే ఛాతీ నడిమధ్య గట్టిగా, ఆపకుండా నొక్కుతూ ఉండాలి. అక్కడ 108కి, ఇక్కడ 112కి ఫోను చెయ్యాలి.

మనం తీసుకువెళ్ళే చాక్లెట్లు వారానికి అయిపోతాయి. ఈ స్విచ్చి ఏళ్ళ తరబడి కాపలా ఉంటుంది.