రెండో వారం చూద్దాంలే!

సినిమా వ్యాపారుల పటంలో కోనసీమ అనే పేరే ఉండదు. అమలాపురం, రాజోలు, కొత్తపేట.. అన్నీ కలిపి ‘ఈస్ట్‌’. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు.. వాళ్లకు తెలిసిన తెలుగుదేశం ఇంతే. 2022లో కోనసీమ వేరే జిల్లా అయినా ఆ పటం మాత్రం చెక్కుచెదరలేదు. హీరో పేరు చెప్పండి, ఈస్ట్ బయ్యరు కళ్లు మూసుకుని ఓ అంకె చెప్పేస్తాడు. అదే హీరోయిన్ పేరు చెప్పి సినిమా అమ్మబోతే అంకె రాదు. ముందు ఓ ప్రశ్న వస్తుంది.. ‘ఇంకెవరున్నారు?’

రాజోలులో పుట్టిన అంజలినే తీసుకోండి. ‘సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు’లో సీతగా ఇంటింటికీ తెలిసిపోయింది. ఆ మరుసటి ఏడాది, 2014 ఆగస్టులో, ఆమె పేరు మీదే ‘గీతాంజలి’ వచ్చింది. పెద్ద హీరో లేడు. మరి ఇంకెవరున్నారు? దెయ్యం ఉంది. బ్రహ్మానందం ఉన్నాడు, శ్రీనివాసరెడ్డి ఉన్నాడు. ఖర్చు తక్కువ, నవ్వులు ఎక్కువ. సినిమా ఆడింది. పదేళ్ల తర్వాత, 2024లో దానికి కొనసాగింపు వచ్చింది గానీ ఆ ఊపు మళ్లీ రాలేదు.

అదే అంజలి 2021లో ‘వకీల్ సాబ్’లో ముగ్గురమ్మాయిల్లో ఒకరు. హిందీ ‘పింక్‌’ కథ అది. నిజానికి బోనులో నిలబడింది ఆ ముగ్గురూనూ. కష్టం వాళ్లది, పోరాటమూ వాళ్లదే. కానీ తెలుగులో సినిమాకు పేరు వకీలుది. హాలు ముందు కటౌట్ పవన్ కల్యాణ్‌ది. ఇందులో నాకు కోపమేమీ లేదు. ఆ కటౌట్ లేకపోతే అమ్మాయిల కోర్టు కథను మొదటి రోజు మొదటి ఆటకు మా ఊరి కుర్రాళ్లు ఎగబడి చూసేవారా? చూడరుగాక చూడరు!

వశిష్ఠ గోదావరి దాటి చించినాడ వంతెన మీదుగా వెళ్తే పాలకొల్లు. అక్కడ పుట్టిన ఇద్దరు దర్శకులు ఈ ప్రశ్నకు ఎప్పుడో తలో జవాబు చెప్పారు. దాసరి నారాయణరావు 1997లో విజయశాంతితో ‘ఒసేయ్ రాములమ్మా’ తీశారు. అప్పటికే ఆమె ‘కర్తవ్యం’తో (1990) జాతీయ ఉత్తమ నటి. ఆ సినిమాలో ఖాకీ చొక్కా వేసి, లాఠీ పట్టి హీరో కుర్చీలోనే కూర్చుంది. కోడి రామకృష్ణది ఇంకో దారి. 1995లో సౌందర్యతో ‘అమ్మోరు’, 2009లో అనుష్కతో ‘అరుంధతి’. రెండింటికీ నిర్మాత శ్యాంప్రసాద్ రెడ్డే. ఒకదాంట్లో దేవత, ఇంకోదాంట్లో దుష్టాత్మ, రెండింట్లోనూ కళ్లు తిరిగే గ్రాఫిక్స్. గమనించారా? బయ్యరును ఒప్పించాలంటే ఆడదానికి యూనిఫాం ఉండాలి, లేదా పూనకం రావాలి. మామూలు ఆడమనిషి మామూలు కథ అంటే చాలదు. 2018లో ‘మహానటి’ వచ్చినప్పుడు ‘ఇంకెవరున్నారు’ అంటే సావిత్రి ఉన్నారు. కీర్తి సురేష్ నటన గొప్పదే, కానీ మా నాయనమ్మ తరం హాలుకు వెళ్లింది సావిత్రి కోసం.

సరే, ఇంతవరకూ వ్యాపారం. మరి చూసేవాళ్ల సంగతి? మాది అమలాపురం పక్క పల్లె. ఇంట్లో మగవాళ్లు సినిమాకు వెళ్లాలంటే చొక్కా తొడుక్కుంటే చాలు. అమ్మ వెళ్లాలంటే పొద్దున్నే వంటయిపోవాలి, గేదెకు కుడితి పెట్టాలి, నాయనమ్మకు మాత్ర వేయాలి. తోడుకు పక్కింటి అత్తయ్యకు తీరిక ఉండాలి. ఆటో మాట్లాడుకోవాలి. మ్యాట్నీ వదిలాక పాలు పితికే వేళకు మళ్లీ ఇంట్లో ఉండాలి. ఇంత ఏర్పాటు చేసుకుని వెళ్లే మనిషి, సినిమా ఎలా ఉందో తెలీకుండా బయల్దేరుతుందా?

ఎవరో ఒకరు ముందు చూసొచ్చి చెప్పాలి. మా వీధిలో ఆ బాధ్యత ఓ పెద్దమ్మది. అరుగు మీద కూర్చుని టైటిల్స్ నుంచి మొదలుపెట్టి కథంతా చెప్పేసేది, క్లైమాక్సుతో సహా! చిత్రమేంటంటే, అంతా తెలిశాకే మా వాళ్లకు వెళ్లాలనిపించేది. చివర్లో ఆ పిల్ల గెలుస్తుందా, ఉసూరుమనిపిస్తుందా? అది తేలితేగానీ ఆటో కదిలేది కాదు. అంతవరకూ ఎవరడిగినా అమ్మ నోట ఒకటే మాట.. ‘రెండో వారం చూద్దాంలే!’

‘అరుంధతి’ 2009 జనవరి 16న, సంక్రాంతి వెళ్తూనే వచ్చింది. నేనప్పుడు డిగ్రీలో ఉన్నాను. కాలేజీ కుర్రాళ్లు భయం లేదని నిరూపించుకోవడానికి మొదటి వారమే చూసేశారు. మా వీధి ఆడవాళ్లు ఆ తర్వాతి వారం రెండు ఆటోల్లో వెళ్లారు. పశుపతి కనిపించినప్పుడల్లా అత్తయ్య మొహాన కొంగు కప్పుకోవడం, అరుంధతి రాగానే తీసేయడం! వదిలాక ‘మళ్లీ ఎప్పుడొద్దాం?’ అన్నది కూడా ఆవిడే. హీరో సినిమాకు డబ్బు తెచ్చేది అభిమానుల శుక్రవారం. ఇలాంటి సినిమాలకు తెచ్చేది అత్తయ్యల మధ్యాహ్నం. అది కాస్త ఆలస్యంగా వస్తుంది, కానీ వస్తే ఒక్కరు రారు, ఆటో నిండా వస్తారు.

ఆ ఆలస్యాన్ని పాత పద్ధతి మోసింది. రీళ్ల రోజుల్లో ప్రింటుకు బోలెడు ఖర్చు. అందుకని చాలా సినిమాలు ముందు కాకినాడ, రాజమండ్రిలో పడేవి. అక్కడ ఆడాక పెట్టె అమలాపురం వచ్చేది. రాజోలు, కొత్తపేట లాంటి చోట్లకు ఇంకాస్త తర్వాత. పెట్టె కంటే ముందే టాక్ వచ్చేసేది. కొత్తపేటలో పుట్టిన ఏడిద నాగేశ్వరరావు గారికి ఈ టాక్ విలువ బాగా తెలుసు. యాభై దాటిన సంగీత విద్వాంసుడే కథానాయకుడైన ‘శంకరాభరణం’ కొనడానికి బయ్యర్లు వెనకాడారు. 1980 ఫిబ్రవరిలో విడుదలైనప్పుడు మొదట్లో హాళ్లు బోసిపోయాయి. తర్వాత నోటిమాటే వాటిని నింపింది. 1984లో ఆయనే, పసలపూడి వంశీ దర్శకత్వంలో, తెలుగుకు కొత్తయిన భానుప్రియను ముందు పెట్టి ‘సితార’ తీశారు. మూడు జాతీయ అవార్డులు. నిదానంగా నిండే హాలును నమ్మిన మనిషి కాబట్టి తీయగలిగారని నాకనిపిస్తుంది.

ఇప్పుడు పెట్టె లేదు. డిజిటల్ వచ్చాక హైదరాబాదులో పడ్డ రోజే, పడ్డ గంటకే రాజోలులోనూ పడుతుంది. సోమవారానికి కలెక్షన్ లేకపోతే వచ్చే శుక్రవారం ఆ తెర ఇంకొకరిది. మా పెద్దమ్మ ఆదివారం చూసొచ్చి, సోమవారం చెప్పి, వీళ్లు పనులు చక్కబెట్టుకుని బయల్దేరేసరికి పోస్టరు మారిపోయి ఉంటుంది!

అలాగని హీరోయిన్ సినిమాలన్నీ టైము లేక పోయాయంటే అబద్ధమే. 2023 ఏప్రిల్‌లో సమంత ‘శాకుంతలం’ త్రీడీలో, భారీ సెట్లతో వచ్చింది. దానికి నాలుగు వారాలిచ్చినా లాభం ఉండేది కాదు. అదే సమంత, నందినీరెడ్డి దర్శకత్వంలో చేసిన ‘ఓ బేబీ’ (2019) మాత్రం బామ్మల్నీ మనవరాళ్లనీ కలిపి కూర్చోబెట్టింది. పొరుగున మలయాళంలో కల్యాణి ప్రియదర్శన్ ‘లోకా’ 2025లో 300 కోట్లు దాటింది. అక్కడ కూడా యక్షి కథే అనుకోండి!

2025 నవంబరు 7న రష్మిక ‘ది గర్ల్‌ఫ్రెండ్’ వచ్చింది. దెయ్యం లేదు, దేవత లేదు, ఖాకీ చొక్కా లేదు. ప్రేమ పేరుతో ఊపిరాడనివ్వని కుర్రాడి నుంచి బయటపడే ఓ కాలేజీ అమ్మాయి.. అంతే. చూసొచ్చి అమ్మకు ఫోన్ చేశాను. పెద్దమ్మ లేదుగా, ఇప్పుడు ఆ బాధ్యత నాదే మరి. కథ మొత్తం చెప్పాను, చివర్లో ఆ పిల్ల ఏం చేస్తుందో కూడా. శ్రద్ధగా విన్నది. ‘బాగుందే.. అత్తయ్యకు కూడా చెప్తా’ అంది.

‘అయితే ఆటో మాట్లాడుకోండి’ అన్నాను.

‘ఎందుకే? వచ్చే నెలకు ఇంట్లోకే వచ్చేస్తుందిగా!’

నిజమే. డిసెంబరు 5కల్లా వచ్చేసింది. అత్తయ్య మా ఇంటికొచ్చి చూసింది, రెండుసార్లు.