బిడారు లేని విహారం

కొన్నాళ్ళ క్రిందట ఒక ఇంగ్లీషు వ్యాసాన్ని తెలుగు చేయవలసి వచ్చింది. ఆస్ట్రేలియాలో భార్యాభర్తలిద్దరు చక్రాల మీది ఇంటిని కారు వెనుక తగిలించుకొని, తొందర అన్నది లేకుండా పల్లెసీమలు తిరుగుతూ ఉంటారు. ప్రొద్దుగూకే వేళకు ఏ చెట్టు క్రిందనో ఆగుతారు. తెల్లవారి తలుపు తీస్తే గుమ్మం ముందు కంగారూలు గడ్డి మేస్తూ ఉంటాయి. ఆ ఇంటిని ఇంగ్లీషులో కారవాన్ అంటారు. నిఘంటువు తిరగవేస్తే ‘బిడారు’ అని కనిపించింది. అలాగే వ్రాసి పంపాను. మరునాడు సంపాదకులు ఫోను చేసి, “అయ్యా, కంగారూల నడుమకు ఒంటెల గుంపు ఎలా వచ్చిందండీ?” అని నవ్వారు.

ఇరవై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నవాణ్ణి, తప్పులు చేయకపోలేదు. అయినా ఆ నవ్వు మనసులో ముల్లులా ఉండిపోయింది. కుర్చీలోంచి కదలకుండా లోకమంతా వర్ణించే మనిషికి ఇంతకంటె ఏం తెలుస్తుంది అనిపించింది. దానికి తోడు కళ్ళు మంటలు. పది రోజులపాటు అచ్చు అక్షరం వంక చూడవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు.

మా పెద్దమ్మ కూతురు అండమాన్‌లో, డిగ్నాబాద్‌లో ఉంటుంది. 2024లో శ్రీ విజయపురంగా పేరు మార్చుకొన్న పోర్ట్ బ్లెయిర్ పట్టణంలో అదొక పేట. “ఎన్నేళ్ళుగా రమ్మంటున్నాను, ఇప్పుడైనా రారాదటరా?” అంది అక్కయ్య. జనవరిలో భార్యనూ, తొమ్మిదేళ్ళ మా అమ్మాయినీ వెంటబెట్టుకొని చెన్నై మీదుగా విమానంలో వెళ్ళాను. మాకు చక్రాల ఇల్లు లేదు. అక్కయ్య ఇంటి అరుగూ, బావగారి పాత జీపూ ఉన్నాయి.

అక్కడ సాయంత్రం అయిదున్నరకే సూర్యుడు అస్తమిస్తాడు. అందుచేత మనిషి కూడా పెందలాడే పడుకొని పెందలాడే లేస్తాడు. ఉదయం కాఫీ గ్లాసు పట్టుకొని అరుగు మీద కూర్చుంటే, కొబ్బరి చెట్టు మొదట్లో చిలకపచ్చని బల్లి ఒకటి ఎండ కాగుతూ కనిపించేది. మన ఇంటి బల్లులు రాత్రి తిరుగుతాయి; ఇది పగలు తిరిగే జాతి. దీని దగ్గరి చుట్టాలు ఎక్కడో హిందూ మహాసముద్రానికి ఆవలి ఒడ్డున, మడగాస్కర్‌లోనూ దాని చుట్టుప్రక్కల దీవులలోనూ ఉన్నాయి. మధ్యలో అంత సముద్రం! ఒకనాడు చిడియా టాపుకు వెళ్ళాము. పేరుకు పిట్టల దీవి. తీరా చూస్తే అది దీవే కాదు, దక్షిణ అండమాన్ చివరి కొన. పేరు పెట్టినవాడు నావంటి అనువాదకుడే కాబోలునని నవ్వుకొన్నాను.

నాలుగవ రోజున అబర్డీన్ జెట్టీ నుంచి పడవ మీద రాస్ దీవికి వెళ్ళాము. 2018 నుంచి దాని పేరు నేతాజీ సుభాష్ చంద్ర బోస్ ద్వీపం. ఒకప్పుడు బ్రిటిష్ వారి అధికార పీఠం అది. 1942లో జపాను సేనలు వచ్చేనాటికి ఆ వైభవం ముగిసిపోయింది. ఇప్పుడు చర్చి గోడలనూ బంగళా గోడలనూ మర్రిజాతి వేళ్ళు పట్టుకొని నిలబెట్టి ఉంచాయి. ఆ శిథిలాల నడుమ చుక్కల జింకలు మనుషులను చూసి బెదరకుండా తిరుగుతున్నాయి. మా అమ్మాయి ఆనందం పట్టలేక బిస్కెట్టు చేత్తో పట్టుకొని ముందుకు పరుగెత్తింది.

“పెట్టకమ్మా” అన్నారు బావగారు. ఆ తరువాత ఒక చెట్టు నీడన కూర్చోబెట్టి చెప్పారు. ఈ జింకలు ఇక్కడివి కావు. బ్రిటిష్ వారు వేట సరదా కోసం మన నేల నుంచి తెచ్చి వదిలారు. పులీ చిరుతా లేని దీవులు కావడంతో అవి పెరిగిపోయాయి; ఈదుకొంటూ ఇతర దీవులకూ ప్రాకాయి. మొలకలను మొలకలుగానే మేసివేయడంవల్ల అడవిలో కొత్త చెట్టు లేవడం కష్టమవుతున్నది.

“అయితే జింకలు చెడ్డవా మామయ్యా?”

“చెడ్డవి కావు తల్లీ. అవి అడిగి రాలేదు. తెచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు, ఇవి మిగిలిపోయాయి.”

ఆ మాటతో నా బిడారు గుర్తుకు వచ్చింది. సంపాదకుల నవ్వు విన్నాక ఆస్ట్రేలియా గురించి కొంత చదివాను. అక్కడ ఒంటెలు నిజంగానే ఉన్నాయి! 1860లో బర్క్, విల్స్ అనే అన్వేషకుల యాత్ర కోసం ఆనాటి బ్రిటిష్ ఇండియాలోని కరాచీ నుంచి 24 ఒంటెలను ఓడలో తీసికొనిపోయారు. ఆ తరువాత వేలకొద్దీ వెళ్ళాయి. మోటారు లారీలు వచ్చాక పని తీరిందని చాలావాటిని ఎడారిలో వదిలేశారు. అవి అడవి మృగాలై పెరిగి, నీటికుంటలనూ మొక్కలనూ పాడుచేస్తున్నాయి. నా తప్పుమాటలో ఒక నిజం దాగి ఉందన్నమాట. ఎక్కడి ప్రాణినో ఎక్కడికో చేరవేసి, తరువాత ఏమవుతుందో చూడకుండా చేతులు దులుపుకోవడం మనిషికి పాత అలవాటే.

మరునాటి సాయంత్రం బావగారు, “రావోయ్, మా పొలం చూపిస్తాను” అని జీపు తీశారు. ఊరికి కొంత దూరంలో సిప్పీఘాట్ దగ్గర ఆపారు. ఎదురుగా పొలం లేదు. ఉన్నదంతా నీరే. అక్కడక్కడ మోడులు, అంచుల వెంట తుంగ. తెల్ల కొంగలు, ఊదారంగు నీటికోళ్ళు, నీటిపైకి వంగిన కొమ్మ మీద ఒక లకుముకి పిట్ట.

“ఆ కొంగ నిలబడ్డ చోటు చూశావా? మా నాన్నగారు శ్రీకాకుళం నుంచి వచ్చి, కూలి చేసి కూడబెట్టి కొన్న చెక్క అది. ఊడ్పులు అక్కడే మొదలుపెట్టేవాళ్ళం.”

2004 డిసెంబరు 26, ఆదివారం. సుమత్రా దగ్గర పుట్టిన ఆ భూకంపానికి దక్షిణ అండమాన్ నేల సుమారు ఒక మీటరు క్రుంగింది. సునామీ అల వచ్చి వెనక్కు పోయింది కాని, క్రుంగిన నేల తిరిగి లేవలేదు. పోటు వచ్చినప్పుడల్లా ఉప్పునీరు చొరబడి, పంటచేలు శాశ్వతంగా మడుగులయ్యాయి.

“ఏడాదిపాటు ఇటు చూడలేకపోయాను” అన్నారు ఆయన. “ఒకనాడు బస్సులో పోతూ ఉంటే ఆ బాతులు కనిపించాయి. దిగిపోయాను.”

ఆయన చూపిన వైపు చూశాను. ముదురు గోధుమరంగు బాతులు నాలుగు. కంటి చుట్టూ సున్నంతో గీసినట్లు తెల్లని వలయం. అండమాన్ దీవులకే ప్రత్యేకమైన జాతి అట.

“నేను పోగొట్టుకొన్నది వీటికి దొరికింది. అలాగని నా నష్టం తీరిపోయిందని అనుకోకు. రెండూ నిజమే. వీటినైతే ఎవరూ తెచ్చి వదల్లేదు. చోటు చూసుకొని వాటంతట అవే వచ్చాయి.”

ఏమి బదులు చెప్పాలో నాకు తోచలేదు. అలాంటి మాటకు అనువాదం లేదు. మా అమ్మాయి మాత్రం జేబులోని బిస్కెట్టు పొట్లాన్ని పైకి తీయకుండా, మామయ్య చేయి పట్టుకొని నిలబడింది. చీకటి పడేదాకా మేము ముగ్గురమూ ఆ గట్టు మీదనే ఉన్నాము. బాతులు మా వంక చూడలేదు. తమ పని తాము చూసుకొన్నాయి.

ఇంటికి తిరిగి వచ్చాక ఆ వ్యాసంలోని మాటను ‘చక్రాల ఇల్లు’ అని దిద్ది పంపాను. కళ్ళ మంట తగ్గింది. డాక్టరు మందు పనిచేసిందన్నాడు. పది రోజులపాటు దేనినీ మరొక దానిగా మార్చకుండా, ఉన్నదాన్ని ఉన్నట్లుగా చూడడంవల్ల కూడా తగ్గి ఉంటుందని నేను ఆయనతో అనలేదు.