పది అడుగుల దూరం

మా వారెప్పుడూ నాకంటే పది అడుగులు ముందు నడుస్తారు. పెళ్ళయి ఇరవై మూడేళ్ళయినా అంతే. మీ ఇంట్లోనూ ఇదే వరసా?

2023 డిసెంబరులో ఆఫీసు పని మీద నెల రోజులు లండన్ వెళ్తూ నన్నూ తీసుకెళ్ళారు. మన పండగలకు బజార్లు కిటకిటలాడతాయి కదా, అక్కడా అంతేననుకుని 24న ఏమీ కొనలేదు. తెల్లారి చూస్తే వీధిలో నరమానవుడు లేడు! క్రిస్మస్ రోజు బస్సులు, నేల కింది రైళ్ళు తిరగవట. పెద్ద దుకాణాలు తెరవకూడదని 2004లో చట్టమే చేశారట. ఇంట్లో గుప్పెడు బియ్యం, చింతపండు, ఆవకాయ ఉన్నాయంతే. “ముందే కనుక్కోవద్దూ!” అని విసుక్కున్నారు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

కాసేపటికి ఆయనే, “పద, చెట్టు చూసొద్దాం” అన్నారు. ప్యాడింగ్టన్ నుంచి ట్రఫాల్గర్ స్క్వేర్‌కి దాదాపు గంట నడక. రెండో ప్రపంచ యుద్ధంలో ఆదుకున్నందుకు కృతజ్ఞతగా 1947 నుంచి ఏటా నార్వే వాళ్ళు పంపే చెట్టు అది. “చేసిన మేలు ఇన్నేళ్ళు తలుచుకుంటారా!” అన్నాను. ఆయన మాట్లాడలేదు.

తిరుగుదారిలో నా మోకాలు పట్టేసింది. ఎక్కుదామంటే బస్సు లేదాయె. నాలుగింటికే చీకటి. ముందు వెళ్తున్న ఆయన వెనక్కొచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. “మెల్లగానే పోదాం, తొందరేముంది?” అన్నారు. ఇంటిదాకా పక్కపక్కనే నడిచాం. ఆ రాత్రి చారన్నం అమృతంలా ఉంది.

ఇక్కడికొచ్చాక మళ్ళీ ముందే నడుస్తున్నారనుకోండి. కాకపోతే మలుపు దగ్గర ఆగి, వెనక్కి చూస్తున్నారు.

మీరెప్పుడైనా వెళ్తే పాలూ కూరలూ 24నే కొనిపెట్టుకోండి. నడకకు మాత్రం ఇద్దరూ కలిసే వెళ్ళండి!